నేను రాయని వరుస

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది దుఃఖం కాదు. దుఃఖమైతే ఎప్పుడో ఒకసారి ఏడ్చి దింపుకునేదాన్ని. ఇది కోపం. ఎవరి మీద అని అడిగితే ముందు ఒక ఏజెంటును తిడతాను, తరువాత మా ఊరిని తిడతాను, ఆ తరువాత తిట్టడానికి నేనొక్కదాన్నే మిగులుతాను. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ మాట మార్చేస్తాను. ఇవాళ మార్చను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను, అందుకే చెప్పగలుగుతున్నాను. ఒక్కటే అడుగుతున్నాను. మధ్యలో "పాపం, అప్పటికి చిన్నపిల్లవి కదా" అనకండి. అంత చిన్నపిల్లనేం కాదు.

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో ఎరువుల కొట్టు పైన ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అక్కడ నేను వెబ్‌సైట్లు చేసేదాన్ని. శ్రీకాకుళంలో ఒక కోర్సు చేసి, గోడకు సర్టిఫికెట్ తగిలించుకుని కూర్చున్నాను. రైసుమిల్లులకు, ప్రైవేటు స్కూళ్లకు, కల్యాణమండపాలకు పేజీలు చేశాను. అందరిదీ ఒకటే కోరిక. టీవీ వార్తల కింద పట్టీ వెళ్తుంది చూడండి, అలా పేజీలో అక్షరాలు పరుగెత్తాలి. రైసుమిల్లు వాళ్లకు కూడా పరుగెత్తాలి. పరుగెత్తకపోతే వాళ్ల లెక్కలో అది వెబ్‌సైటే కాదు.

రాజారావు అని ఒక ఏజెంటు ఉండేవాడు. మా జిల్లాల నుంచి గల్ఫ్‌కు మనుషుల్ని పంపేవాడు. వెల్డర్లు, తాపీ మేస్త్రీలు, పెయింటర్లు, డ్రైవర్లు, ఏ పనీ రానివాళ్లు కూడా. అతను ఒకరోజు మెట్లెక్కి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"కంపెనీవోళ్లు ఇంగిలీసు సదవరమ్మా. ఆళ్ల బాసలో పేజీ గావాల. సెయ్యగలవేటి?"

చేస్తానన్నాను. అరబిక్‌లో ఒక్క అక్షరం కూడా గుర్తుపట్టలేనిదాన్ని, చేస్తానన్నాను. రాదని చెప్పడానికి నోరు ఎందుకు రాలేదు? అప్పటికే అతను నన్ను తన వెంట వచ్చినవాళ్లకు "మా ఇంజినీరమ్మ" అని చూపిస్తున్నాడు. నేను ఇంజినీరునేం కాదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా వెన్ను నిటారుగా అయ్యేది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత నేను చేసినదానికంతటికీ కారణం భయం అని మీరు అనుకునే ప్రమాదం ఉంది. భయం కాదు, ఇదే.

అరబిక్ మాటలు రాసిచ్చింది ఖాదర్ మాస్టారు. మాస్టారంటే బడి మాస్టారు కాదు, టైలర్ మాస్టారు. ధాన్యం కొట్ల సందు చివర ఆయన మిషను. నా స్కూలు యూనిఫారాలన్నీ ఆయన కుట్టినవే. చిన్నప్పుడు మదర్సాలో అరబిక్ నేర్చుకున్నాడు, తరువాత చాలాకాలం గల్ఫ్‌లో ఒక కుట్టు దుకాణంలో పనిచేసి తిరిగొచ్చాడు. మా చుట్టుపక్కల ఎవరింటికి అరబిక్ కాగితం వచ్చినా ఆయన దగ్గరికే పట్టుకెళ్లేవాళ్లు. ప్యాసింజరు దిగి, మడత పెట్టిన కాగితం జాకెట్టులోంచి తీసి, ఆడవాళ్లు ఆ మిషను పక్కన నిలబడేవాళ్లు. ఆయన మిషను ఆపి, మెడలో టేపు తీసి పక్కన పెట్టి, చదివి చెప్పేవాడు. మంచి కబురైతే గట్టిగా చదివేవాడు. చెడ్డదైతే ముందు కూర్చోమనేవాడు. దానికి ఆయన ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఎవరైనా జీడిపప్పు పొట్లం మిషను మీద పెట్టి పోతే మాత్రం వద్దనేవాడు కాదు.

పట్టీలో పరుగెత్తాల్సింది పనికి సిద్ధంగా ఉన్న మనుషుల పేర్లు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అతని పని అరబిక్‌లో. మాస్టారు నా పక్కనే కూర్చున్నాడు. ఆయన రాసిన అక్షరాన్ని చూసి నేను తెరమీద అలాంటి బొమ్మను వెతికి నొక్కేదాన్ని. ఒక్కో మాట అయ్యాక ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి "ఊఁ" అనేవాడు. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ. ఆయన "ఊఁ" అనని మాట ఒక్కటీ లేదు. అది పూర్తయ్యాక ఎవరివో పెళ్లిబట్టలు ఉన్నాయని వెళ్లిపోయాడు. ఆ మాటల్ని పట్టీలో పెట్టి పేజీని పైకి ఎక్కించింది నేను, ఒక్కదాన్నే.

ఇప్పుడు చెప్పాల్సింది కొంచెం కంప్యూటరు సంగతి. విసుక్కోకండి, ఇదే నా నేరం.

అరబిక్ కుడి నుంచి ఎడమకు చదువుతారని నాకు తెలుసు. అందుకని స్టైల్ షీట్‌లో, అంటే పేజీ ఎలా కనిపించాలో రాసిపెట్టే చోట, అక్షరాలన్నీ కుడి అంచుకు జరగాలని రాశాను. పేజీ ముచ్చటగా కుడివైపుకు ఆనుకుని నిలబడింది. అయిపోయిందనుకున్నాను. కానీ కుడికి జరగడం వేరు, కుడి నుంచి మొదలవడం వేరు. పెళ్లిలో బంతిని గోడవైపుకు జరిపి వేయించడం ఒకటి, వడ్డన ఏ చివర మొదలుపెట్టాలో చెప్పడం ఒకటి. ఆ రెండోది చెప్పడానికి అక్కడే వేరే ఒక వరుస రాయాలి. డైరెక్షన్, ఆర్‌టీఎల్, అంటే కుడి నుంచి ఎడమకు అని. అంతే, చిటికెలో రాసెయ్యొచ్చు. అది రాయకపోతే ఒక్కో అరబిక్ మాటలో అక్షరాలు సరిగ్గానే కూర్చుంటాయి, మాటల వరుస మాత్రం మన తెలుగు వరుసలాగా ఎడమ నుంచి పోతుంది. నేను రాయలేదు. అలాంటిది ఒకటుందని కూడా అప్పటికి తెలియదు.

దానివల్ల ఏమైంది? పట్టీలో ఒక పేరు, చుక్క, అతని పని, చుక్క, ఇంకో పేరు, చుక్క, అతని పని. అన్నింటి మధ్యా ఒకేలాంటి చుక్క. ఎడమ నుంచి చూసే నాకు ఎవరి పక్కన వాళ్ల పనే ఉంది. కుడి నుంచి చదివేవాడు పేరు చదివి ఎడమకు జరిగితే అతనికి తగిలేది ఆ మనిషి పని కాదు, ముందువాడి పని. నిలిచి ఉన్న జాబితా అయితే చివర ఒకటి ఒంటరిగా మిగిలి ఎవరికైనా అనుమానం వచ్చేది. పరుగెత్తే పట్టీకి మొదలెక్కడ, చివరెక్కడ? మనుషులందరూ ఒక్కొక్క స్థానం పక్కకు జరిగిపోయారు. అది ఇక్కడ ఎవరికీ తెలియలేదు, అక్కడ ఎవరూ అడగలేదు.

సింహాచలం వెల్డరు. గరివిడి వైపు మనిషి. అక్కడ ఫ్యాక్టరీ పనుల్లో కాంట్రాక్టు కింద ఏళ్ల తరబడి వెల్డింగ్ చేసినవాడు. పట్టీలో అతని ముందున్నవాడు మేకలు కాసే పనికి పేరిచ్చినవాడు. సింహాచలానికి మేకల వీసా వచ్చింది.

అతని తరువాతివాడు పెయింటరు. వాడికి వెల్డరు వీసా వచ్చింది. వాడు అక్కడికి వెళ్లి వెల్డింగ్ నేర్చేసుకుని, ఊళ్లో స్లాబు ఇల్లు కట్టాడు. న్యాయంగా అయితే వాడు నాకు దండం పెట్టాలి. చూశారా, నా తప్పు ఎంత చల్లగా ఒకడి నెత్తిన పాలు పోసిందో. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రాజారావుకు ఒక అలవాటు ఉండేది. వీసా కాగితం ముందుగా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఇస్తే ఇంకో ఏజెంటు దగ్గరికి పోతారని అనుమానం. మా ఊళ్లోనే ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలు వస్తుందనగా ప్లాట్‌ఫారం మీద పేరు పిలిచి పంచేవాడు, పెళ్లిలో తాంబూలం ఇచ్చినట్టు. దాని మీద అరబిక్‌లో ఏ పని రాసుందో అతనికీ తెలియదు, తీసుకున్నవాడికీ తెలియదు. మాస్టారి మిషను అక్కడికి కూతవేటు దూరం. ముందురోజు ఒక్కసారి చూపించి ఉంటే ఆయన మిషను ఆపి, కూర్చోమని, చదివి ఉండేవాడు. చూపించలేదు. వెధవ. ఈ మాట నేను ఇన్నేళ్లుగా లోపల అంటూనే ఉన్నాను. అన్నప్పుడల్లా నా వాటా కొంచెం తగ్గినట్టు ఉంటుంది, అందుకే అంటానేమో కూడా.

కొన్నాళ్లకు సింహాచలం ఎవరిదో ఫోను అడుక్కుని భార్య పైడమ్మకు చేశాడు. ఎడారిలో మేకల మధ్య వదిలేశారని, నీళ్లు కూడా ఎప్పుడో బండి వస్తేనే అని. పైడమ్మ మరుసటి బండికే వచ్చి ఏజెంటు మీద పడింది. ఏజెంటు కంపెనీకి ఫోను చేశాడు. "మీ పేజీలో ఉన్నట్టే తీసుకున్నాం" అన్నారట. అతను సెంటర్‌కు ఫోను చేసి, పేజీ తెరిచి ఉంచమని, మాస్టార్ని తీసుకుని వస్తున్నానని చెప్పాడు.

వాళ్లు వచ్చేలోగా నాకు కాస్త వ్యవధి దొరికింది. దొరక్కపోయి ఉంటే బాగుండేదా? పేజీలో ఏం తప్పుందా అని నెట్‌లో వెతికాను. కుడి నుంచి రాసే భాషలకు పేజీ ఎలా చెయ్యాలో ఎవరో రాసిపెట్టారు. ఆ వరుస అక్కడ కనిపించింది. నా కంప్యూటర్లో ఉన్న కాపీలో అది రాసి, పేజీ మళ్లీ తెరిచాను. పట్టీ మొత్తం తిరగబడింది. ఇటున్న పేర్లు అటు, అటున్నవి ఇటు వెళ్లి కూర్చున్నాయి. సింహాచలం పేరుకు ఎడమపక్కన ఉన్న మాట ఇప్పుడు ఇంకొకటి. నాకు అరబిక్ రాదు కానీ ఆ మాట బొమ్మ గుర్తుంది, అది వెల్డరు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? పాత పేజీని తీసేసి దాని జాగాలో కొత్తది పెట్టేశాను. చెయ్యి వణకలేదు.

పైడమ్మ గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మాస్టారు తెర ముందు వంగి పట్టీని రెండుసార్లు పోనిచ్చి చూశాడు.

"ఇందల తప్పేటున్నాది రాజారావూ? సింహాసెలం, వెల్డరు. సరిగ్గానే ఉన్నాది గదా."

"మీరలగే అంటారు మాస్టారూ. ఆ గీతలు మాకేటి తెలుస్తాది? అక్కడోళ్లు మేకలోడనే సదివినారు. నువ్వు సెప్పమ్మా, మాస్టారేదిస్తే అదేనా ఎక్కించినావు?"

మాస్టారు నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో అనుమానం లేదు. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. నేను తన పక్షాన మాట్లాడతానని ఆయన నమ్మకం.

"సెప్పమ్మా. నేనిచ్చినదేటి, నువ్వెక్కించినదేటి? ఏటైనా మార్సినావా?"

"మీరిచ్చినట్టే ఎక్కించాను మాస్టారూ. ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఎంత వెతికినా దొరకదు. నేను నిజంగానే ఒక్క అక్షరం మార్చలేదు. అబద్ధం ఆడితే ఎప్పుడైనా పట్టుబడతాను, సిగ్గుపడతాను, ఒప్పుకుంటాను. నేను నిజాన్నే తీసుకుని ఆయన మెడకు కట్టాను. ఆ క్షణంలో అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? పరీక్షల్లో ఎప్పుడూ రాలేదే!

"అదీ సంగతి. కంప్యూటరు తప్పు సెయ్యదు. మీ రాతే తప్పు," అన్నాడు రాజారావు.

కంప్యూటరు తప్పు చెయ్యదు! ఈ మాట అన్నవాళ్లందరినీ వరసగా నిలబెట్టి అడగాలని ఉంది. దానికి చెప్పేది ఎవరు? దాని ముందు కూర్చున్న మాలాంటివాళ్లమే కదా? వచ్చీ రాని పనిని వచ్చినట్టు నటించి, గోడకు సర్టిఫికెట్ తగిలించుకున్నవాళ్లమే కదా? ఏళ్ల తరబడి ఊళ్లో అందరి కాగితాలూ చదివిన మనిషి మాట మీద లేని నమ్మకం ఆ డబ్బా మీద ఎలా వచ్చింది? అక్కడే, ఆ పూటే నేను అరవాల్సింది. అరవలేదు. మౌస్ పట్టుకుని కూర్చున్నాను.

పైడమ్మ తిన్నగా సందు చివరకు వెళ్లింది. మాస్టారి మిషను ముందు నిలబడి రెండు చేతులా దుమ్మెత్తి పోసింది. "నా మొగుణ్ని మేకల్లో తోసీసినావు, నీ రాత పాడైపోనూ" అని. ఆమెను నేనేమీ అనను. ఆమెకు ఎవరో ఒకరు కావాలి, మేము ఆమెకు మాస్టార్ని చూపించాం. చుట్టూ చేరినవాళ్లు మాత్రం ఎంత తొందరగా నమ్మారో! "ఆ మడిసి మొదట్నుంచీ అంతే" అన్నాడొకడు, నాలుగు రోజుల కిందటే తమ్ముడు పంపిన కాగితం చదివించుకుపోయినవాడు. ఆయన ఖాదర్ కాక ఏ అప్పారావో అయ్యుంటే అంత తొందరగా నమ్మేవాళ్లా? నమ్మరు. ఆ సంగతి కిటికీలోంచి చూస్తున్న నాకు తెలుసు. తెలిసే, వాళ్లు నమ్ముతారని తెలిసే నోరు మూసుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు, అయినా రాశాను.

అప్పుడే చెప్పి ఉంటే? పొరపాటు పేజీదని కంపెనీకి రాసి సింహాచలం పని మార్పించేవాళ్లా? ఏమో. మార్చకపోయినా అడగడమైనా అడిగేవాళ్లు. తప్పు మాస్టారిదని తేలాక రాజారావు చేతులు దులుపుకున్నాడు. సింహాచలం అక్కడే రెండు వేసవులు ఉండి, బక్కచిక్కి వచ్చాడు. మళ్లీ వెల్డింగ్ చెయ్యలేదు. చేతికి నిలకడ పోయిందట. ఇప్పుడు వాళ్ల ఊరి దగ్గర పశువుల్ని కూడా తోలడని, మేక అరిస్తే ఇంట్లోకి వెళ్లిపోతాడని విన్నాను. ఈ మాట విన్నరోజు నేను అన్నం తిన్నాను. తినగలిగాను. అదీ నేను.

కొన్నాళ్లకు నాకు విజయనగరంలో మంచి ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో చూపించిన పనుల్లో అరబిక్ పేజీ కూడా ఉంది. ఎంతో మెచ్చుకున్నారు.

కిందటి ఏడు ఒక నిర్ణయానికి వచ్చి, జాకెట్టు గుడ్డ పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను. గుడ్డ ఎందుకంటారా? వట్టి చేతులతో ఆ మిషను ముందు నిలబడే ధైర్యం లేక. ఆయన కొలతలు తీసుకుంటున్నాడు. అప్పుడే ఎవరో ఒకావిడ, మా ప్రాంతానికి కొత్తగా కాపురానికి వచ్చినట్టుంది, మడత పెట్టిన కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. పైన అరబిక్ అక్షరాలు. ఆయన దానివైపు చూశాడు. చూపు దాని మీద కుడి నుంచి ఎడమకు జరిగింది, నేను చూశాను. తరువాత కాగితాన్ని మళ్లీ మడిచి ఆవిడ చేతిలో పెట్టేశాడు.

"నాకా సదువు రాదమ్మా. సికాకులం ఎల్లి సూపించుకోండి."

ఆవిడ వెళ్లిపోయింది. ఎలాగో "ఎందుకలా చెప్పారు మాస్టారూ" అన్నాను. ఆయన టేపు మెడలో వేసుకున్నాడు. ముఖంలో కోపం ఉంటుందేమోనని చూశాను. ఉంటే బాగుండేది.

"ఆవేళ నువ్వు నిజవే సెప్పినావమ్మా. నేనిచ్చినట్టే ఎక్కించినావు. నాకే ఎక్కడో సెయ్యి జారుంటాది. కళ్లు గూడా అప్పటికే సరిగ్గా ఉండీవి కావు. పాపం, ఆ గుంటడు మేకల్లో ఎన్ని కష్టాలు పడ్డాడో. ఇంక ఒకలి బతుకు మీద రాత రాయకూడదనీసుకున్నాను."

అర్థమైందా మీకు? ఊరు నమ్మడం కాదు, ఆయనే నమ్మాడు. తన కళ్లతో సరిచూసి "ఊఁ" అన్న మాటల్ని, నా ఒక్క నిజం విని, తప్పని నమ్మాడు. చెయ్యని పాపానికి తనకు తానే శిక్ష వేసుకుని, వచ్చిన చదువును రాదని చెప్పుకుంటూ బతుకుతున్నాడు. చెప్పడానికే వెళ్లిన నేను చెప్పానా? జాకెట్టు ఎప్పుడిస్తారని అడిగాను. శుక్రవారం రమ్మన్నాడు. శుక్రవారం వెళ్లి తెచ్చుకున్నాను. చక్కగా కుట్టాడు. ఒక్కసారి కూడా తొడుక్కోలేదు.

ఆ ఏజెంటు ఆఫీసు ఎత్తేశాడు. డబ్బు కట్టక ఆ వెబ్‌సైటు కూడా పోయింది. ఆ తప్పు పేజీ ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా లేదు, నా తలలో తప్ప. నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు. ఇది చదివి ఎవరైనా నన్ను క్షమిస్తే ఆ క్షమ నాకక్కర్లేదు, అది మీరిచ్చేది కాదు. ఆయన ముందు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు, అది కూడా ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మాట ఇన్నేళ్లకు నా లోపలి నుంచి బయటికి వచ్చింది. కాస్త ఊపిరి ఆడుతోంది, ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.

మాస్టారూ, మీ చెయ్యి జారలేదు. మీ కళ్లు సరిగ్గానే చూశాయి. నేనే ఒక వరుస రాయలేదు.